చదివినోళ్ల మాటకు లెక్క కావాలె

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక జిల్లా కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)

  

మేము ఇయ్యాల ఉపన్యాసం తయారు చేసుకొని రాలేదు. ఒక నోటుబుక్కు పట్టుకొని వచ్చినం. రెండేండ్ల సంది ప్రతి నెల రెండో ఆదివారం మేము కొంతమందిమి ఒకచోట కూసుంటున్నం. మాలో పింఛను తీసుకునే పంతులు ఉన్నడు, ఆర్టీసీ కండక్టరు ఉన్నడు, అంగన్‌వాడీ టీచరు ఉన్నది, రెవెన్యూ ఆఫీసుల పనిచేసే ఆయన ఉన్నడు, డిగ్రీ చదివే బిడ్డ ఉన్నది, గ్రూప్స్‌కు తయారయ్యే తమ్ముడు ఉన్నడు. చదివిన పుస్తకం గురించి ఎవరు ఏమన్నా, అన్నది అన్నట్టు ఈ బుక్కుల రాస్తున్నం.

ఈ అలవాటు కొత్తది కాదు. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. అప్పుడు దీక్షా శిబిరాల్ల పాటలు అయిపోయినంక, ఉపన్యాసాలు అయిపోయినంక, పొద్దు గడవాలె గద. ఒకరు పుస్తకం చదువుతుంటె పదిమంది ఇనేటోళ్లు. ఇన్నంక కొట్లాట మొదలయ్యేది. దొర గురించి, పట్వారీ గురించి, రాసినాయన గురించి గూడ. 2014ల రాష్ట్రం వచ్చింది. టెంట్లు పీకేసినం. ఎవరి బతుకులు వాళ్లయి. కొట్లాడిన పుస్తకాలు మల్ల బీరువాలకు పోయినయి.

ఈ మధ్య మా ఊరి లైబ్రరీల వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ తీసి చూసినం. వెనుక అట్టకు అంటించిన చీటీ మీద చివరి ముద్ర 2011 నాటిది. అటెన్క దాన్ని ఎవరూ ఇంటికి తీసుకపోలేదు. లైబ్రరీ ఖాళీగ ఉన్నదా అంటె లేదు. పొద్దున ఏడింటికే కుర్చీలు నిండుతున్నయి. అందరి ముందట పోటీ పరీక్షల పుస్తకాలే. మేము ఆ పిల్లలను తప్పు పడుతలేం. కొలువు ఆకలి ఎట్లుంటదో మాకు ఎరుకే. కాని అక్కడ జరిగిన ఒక్క ముచ్చట చెప్పాలె.

మా తమ్ముడిని అడిగినం: తెలుగుల కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి అవార్డు దేనికి వచ్చింది? రెప్ప కొట్టకముందే చెప్పిండు: 1955, సురవరం ప్రతాపరెడ్డి, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఆ పుస్తకంల ఏమున్నది అని అడిగినం. తల వంచుకున్నడు. ఆ పుస్తకం ఆయన కుర్చీకి నాలుగు అడుగుల దూరంల ఉన్నది. ఒక మార్కు సంపాయించి పెట్టే జవాబు తెలుసు, పుస్తకం తెల్వదు. పట్టుబట్టి ఇంటికి ఇచ్చి పంపినం. నెల తర్వాత వచ్చి ఆయన రాసిన మాట ఇది: “రాజుల చరిత్ర అనుకున్న. తీరా చూస్తే మనోళ్లు ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, పిల్లలు ఏ ఆటలు ఆడిన్రు, ఏ దేవుళ్లను మొక్కిన్రు అని ఉన్నది. కావ్యాలల్లకెళ్లి ఇవన్ని ఏరి తెచ్చిండు. మా అమ్మమ్మను గూడ ఇట్ల అడిగి రాసుకోవచ్చు గద అనిపించింది.” ఆ తమ్ముడు ఇప్పుడు నిజంగనే అమ్మమ్మ దగ్గర కూసొని రాసుకుంటున్నడు.

రెవెన్యూ ఆఫీసాయన ఆ పుస్తకం మీదనే ఇంకో మాట అన్నడు. కావ్యాలు రాసినోళ్లు చదువుకున్నోళ్లు. వాళ్ల కంటికి ఆనినంతే రాసిన్రు. కూలి చేసినోని తిండి, మాల మాదిగల వాడ వాళ్లకు ఎంత ఆనింది? అని. పెద్ద పుస్తకం కాబట్టి అడుగొద్దని మేము అనలేదు. ఆయన మాట గూడ రాసుకున్నం.

ఇగ ‘ప్రజల మనిషి’. 1955ల వచ్చింది. నిజాం కాలం, దిమ్మెగూడెం అనే ఊరు, దొర పెత్తనానికి ఎదురు నిలబడ్డ కంఠీరవం. మా పంతులు దీన్ని మూడుసార్లు చదివిండు. “దొర ఒక్కడే దుర్మార్గుడు కాదు, ఆయనకు చేతులు కాళ్లు ఎవరెవరో చూపించిండు” అంటడు. డిగ్రీ చదివే బిడ్డ ఒప్పుకోలేదు. “మనుషులు మాట్లాడుకునే కాడ గూడ సభల మాట్లాడినట్టు ఉన్నది, నడుమ ఇడిసిపెట్టిన” అన్నది. పంతులుకు కోపం వచ్చింది. ఆళ్వారుస్వామి హోటల్ల పనిచేసిండనీ, 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి ఊరూర తిరిగి అమ్మిండనీ, జైలుకు పోయిండనీ చెప్పిండు. ఆ బిడ్డ ఇన్నది. “ఆయన గొప్పోడే సారూ, నాకు పుస్తకం నడువలేదు” అన్నది. రెండు మాటలూ పక్కపక్కన రాసినం. ఆ మీద ఆ బిడ్డనే పుస్తకాన్ని మల్ల తీసుకపోయింది. ఎందుకో మేము అడుగలేదు.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మీద మా అంగన్‌వాడీ టీచరు చెప్పింది ఇంటుంటె ఆ పూట ఎవరం మాట్లాడలేకపోయినం. అందరు ఆ నవలల దొరను, ఊరికి వచ్చిన పాటగాడు పాణిని యాదుంచుకుంటరు. ఆమె వనజను యాదుంచుకున్నది. దొర గడీల ఆడబాప. దొర బిడ్డ పెండ్లయి పోతుంటె సామాన్ల లెక్క వెంట పంపే పిల్లలను ఆడబాపలు అనేటోళ్లు. “గడీలు కూలినయి అంటరు. నా సెంటరుకు వచ్చే తల్లుల్ల ఇంకొకల ఇంట్ల బాసాన్లు తోమి, వాళ్ల కోపాలు పడి వచ్చేటోళ్లను చూస్తె వనజ యాదికొస్తది” అన్నది. కండక్టరుది ఇంకో రంధి: “మనుషులు మాట్లాడేది మన మాట, రాసినాయన కథ చెప్పేది మాత్రం బడి భాష. ఎందుకట్ల?” ఈ ప్రశ్న మీద వ్యాసాలు వచ్చి ఉంటయి. టికెట్లు కొట్టే మనిషికి తనంతట తాను తోచిందంటె దాని విలువ వేరు.

అన్నీ మన పుస్తకాలే చదువుతున్నం అనుకోవద్దు. అలెక్స్ హేలీ 1976ల రాసిన ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు ‘ఏడు తరాలు’. ఆఫ్రికాల జుఫూరె ఊరి పిల్లగాడు కుంటా కింటేను పట్టుకపోయి, అమెరికాల అమ్మి, టోబీ అని పేరు పెడితె ఆయన ఆ పేరు ఒప్పుకోడు. ఇది చదివి కండక్టరు అన్నడు: “మా తాత పేరు నర్సయ్య. దొర నోట్ల నర్సిగాడు. ఊరు ఊరంతా అదే పిలిచింది. సచ్చినంక గూడ కాయితం మీద నర్సిగాడే.” మా రెవెన్యూ ఆయన ఇంకో సంగతి తెచ్చిండు. వేరే రచయిత నవలలకెళ్లి కొన్ని ముక్కలు హేలీ పుస్తకంల చేరినయని కేసయింది, 1978ల హేలీ ఒప్పుకొని రాజీ చేసుకున్నడు. వంశవృక్షం మీద గూడ పరిశోధకులు అనుమానాలు చెప్పిన్రు. మరి ఇప్పుడేమంటవు అని అడిగిండు. కండక్టరు చాన సేపు ఆలోచించి, “హేలీ తప్పు హేలీదే, కాని మా తాత పేరు అబద్ధం కాదు” అన్నడు. ఇసొంటి మాట ఏ పుస్తకం ముందుమాటల దొరుకది.

చలం ‘మైదానం’ గూడ చదివినం. 1927 నాటి నవల. భర్తను ఇడిసి అమీర్‌తో పోయిన రాజేశ్వరిని డిగ్రీ బిడ్డ మెచ్చుకున్నది. అంగన్‌వాడీ టీచరు మెచ్చుకోలేదు. “ఒక మగోని కాడికెళ్లి ఇంకో మగోని కాడికి పోయింది. ఆమె నిలబడ్డ జాగ ఏది?” అని అడిగింది. ఆ జగడం ఇంక తెగలేదు.

మేము చెప్పేది ఒక్కటే. పుస్తకం మీద తీర్పు విమర్శకుల సొత్తు కాదు, ఆవిష్కరణ సభల దండల సొత్తు అంతకన్న కాదు. “చాలా బాగుంది, అందరూ చదవాలి” అన్న మాటకు చదివిన పనే లేదు. మనం చెప్పకపోతె చదువనోడు చెప్తడు. 1934 యాది చేసుకోండ్రి. తెలంగాణల కవులు లేరన్న అర్థం వచ్చే మాట ఒకటి వస్తె, సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకుంట కూసోలేదు. 354 మంది కవులతోని ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చిండు. రాసినోళ్లను అప్పుడాయన లెక్కగట్టి చూపిండు. చదివేటోళ్లను లెక్కగట్టే పని మనది.

లైబ్రరీ పెద్దలకు మా మనవి రెండే. ఎవరూ తీసుకపోతలేరని ఏ పుస్తకాన్నయినా పక్కకు పెట్టేముందు ఒక్కసారి మమ్ముల పిలువుండ్రి, చదివి చెప్తం. రెండోది, ఇంటికిచ్చే ప్రతి పుస్తకంల ఒక తెల్ల చీటీ పెట్టుండ్రి. నచ్చకపోతె నచ్చలేదనే రాయనియ్యుండ్రి. పోటీ పరీక్షల తమ్ముళ్లూ, నెలకు ఒక్క పుస్తకం సిలబస్‌కు బయట చదువుండ్రి. మీ కొలువుకు అడ్డం రాదు.

ఈ నోటుబుక్కుల ఇంకా సగం కాయితాలు ఖాళీగ ఉన్నయి. పెన్నుతోటి ఈ బల్ల మీదనే పెట్టి పోతున్నం. ‘ప్రజల మనిషి’ మాత్రం ఇప్పుడు బీరువాల దొరుకది. ఆ బిడ్డ ఇంక తిరిగియ్యలేదు. చీటీ మీద కొత్త ముద్ర పడ్డది.

శెలవు.