బెత్తం గురించి నాలుగు మాటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎప్పుడు కలిసినా గోడకుర్చీలు, తొడపాశాలు తలుచుకుని నవ్వుకుంటాం. "ఆ దెబ్బల వల్లే బాగుపడ్డాం" అంటాం. మా అబ్బాయి మీద చెయ్యి చేసుకున్న రోజున నేనూ అదే అన్నాను. కానీ నేను ఇంజనీరుని. నిలబడ్డ వంతెనలను మాత్రమే లెక్కపెట్టి డిజైన్ మంచిదని చెప్పకూడదు. దెబ్బలకు జడిసి ఏడో తరగతిలోనే బడి మానేసిన మన తోటివాడు ఈ హాల్లో లేడు.

పరిశోధన లేక కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి 'యంగ్ లైవ్స్' అధ్యయనం 2002 నుంచి మన తెలుగు జిల్లాల్లోనే సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనించింది. ఎనిమిదేళ్ల పిల్లల్లో పదింట తొమ్మిది మందికి పైగా, గడిచిన వారంలో టీచరు ఎవరినో కొట్టడం చూశామన్నారు. 2016లో అమెరికా పరిశోధకులు 50 ఏళ్ల అధ్యయనాలను, లక్షా అరవై వేల మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. చేత్తో వేసే దెబ్బ కూడా మాట వినే గుణాన్ని పెంచిన దాఖలా లేదు. దానితో పాటు కనిపించింది మొండితనం, దిగులు.

మన పిల్లలు తెలుగులో చెప్పిన జవాబులు ఇంగ్లీషు నివేదికలయ్యాయి. అవి నా దాకా వచ్చేసరికి మావాడు కాలేజీకి వెళ్లిపోయాడు.

ఇదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన మరోలా చేరింది. ఆరు నెలలకోసారి విటమిన్-ఎ ఇచ్చి పిల్లల కళ్లు కాపాడవచ్చన్న వారి కృషి 1970లో జాతీయ కార్యక్రమమైంది. ఏ తల్లీ ఆ పరిశోధనా పత్రం చదవలేదు. నర్సమ్మ ఊరికి వచ్చి చెంచాతో పిల్లల నోట్లో పోసింది.

క్రమశిక్షణ విషయంలో మనకు అందింది చట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 నుంచి బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. సరే, బెత్తం పక్కన పెట్టి ఏం చేయాలో కిక్కిరిసిన తరగతిలో టీచరుకు, అలసి ఇంటికొచ్చిన తండ్రికి ఎవరు చెప్పాలి?

ఆ చెంచా మన సంఘం పట్టుకోవాలి. ఉస్మానియా క్యాంపస్‌లో సైకాలజీ విభాగం మన పక్కనే ఉంది. ప్రతి పేరెంట్స్ మీటింగులో ఒకరిని పిలిచి పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడిద్దాం. ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

నాకు లెక్కలు వచ్చింది బెత్తంతో కాదు. మూడోసారి అడిగినా విసుక్కోకుండా బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టిన మాస్టారి వల్ల. వారికి ఈ వేదిక మీంచి నా పాదాభివందనం.