పది తరువాత మన బిడ్డల బాట
(ప్రత్తిపాడులో తల్లిదండ్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

 

మిరపకోత కూలితో బిడ్డను పదో తరగతి గట్టెక్కించిన తల్లి ‘ఇప్పుడు ఏ గ్రూపులో చేర్చాలి?’ అని అడిగితే, పక్కింటి పిల్లవాడు చేరిన గ్రూపునే మనం చూపుతున్నాం. ముందు బిడ్డను అడుగుదాం. ఎం.పి.సి. ఇంజనీరింగుకు, బై.పి.సి. వైద్య, వ్యవసాయ విద్యలకు బాట. సి.ఇ.సి. తక్కువ చదువేమీ కాదు. న్యాయవాదులు, ఆడిటర్లు ఆ బాటలోనూ వస్తారు. త్వరగా ఉపాధి కావాలంటే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు.

2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం సీట్లు ఇచ్చింది, దూదేకులవారు బి.సి.-బిలో ఉన్నారు. పోరాడి నిలుపుకొన్న ఈ హక్కు ధ్రువపత్రం లేక చేజారరాదు. కౌన్సెలింగుకు ముందే దానిని సిద్ధపరచుకుందాం.

కళాశాల దూరమని ఆడబిడ్డ చదువును పదితోనే ఆపితే, సాధించుకున్న ఆ సీటు ఎవరి కోసం?