జూదశాల వెండి బిళ్ళలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో వెండిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట సముచితమే. కాని నేను ఎన్నుకొన్న వెండి దేవాలయములోనిది కాదు, పెండ్లిపందిరిలోనిది కాదు. అమెరికా దేశపు జూదశాలలలోనిది. ఈ మాట వినగానే పెద్దలు కొందరు బొమలు ముడివేయవచ్చును. ధర్మరాజు, నలుడు పడిన పాట్లు ఎరిగిన జాతి మనది. పేకాటలో పొలము పోగొట్టుకొన్న కుటుంబములు ఏ తాలూకాలో లేవు? కావుననే ఈ విషయము ఇచ్చట చెప్పదగినదని నా తలంపు.

అమెరికాలో నెవాడా అను రాష్ట్రము కలదు. అచ్చట 1859లో కామ్‌స్టాక్ అను గొప్ప వెండి గని బయటపడెను. ఆ రాష్ట్రమునకు నేటికిని 'వెండి రాష్ట్రము' అని బిరుదు. 1870లో కార్సన్ సిటీ పట్టణమున టంకసాలయు వెలసెను. 1931లో ఆ రాష్ట్రమువారు జూదమును చట్టసమ్మతము చేసిరి. అటుపిమ్మట ముప్పది ఏండ్లకు పైగా అచ్చటి జూదశాలలలో, బల్లలపైనను యంత్రములలోను, నడచినది అసలు వెండి డాలరే. దాని బరువు 26.73 గ్రాములు, అందు నూటికి తొంబది పాళ్లు వెండి.

1960 తరువాత జనులు ఆ డాలరులను దాచుకొనసాగిరి. 1964 మార్చి 25న ప్రభుత్వ ఖజానావారు వెండి పత్రములకు బదులుగా వెండి డాలరులిచ్చుట మానివేసిరి. జూదశాలలకు నాణెములు కరవయ్యెను. 1965లో, పిమ్మట ఫ్రాంక్లిన్ మింట్ అను పేర ప్రసిద్ధికెక్కిన ఒక ప్రైవేటు టంకసాలవారు, డాలరు ప్రమాణమున బిళ్ళలు కొట్టి వారికి ఇచ్చిరి. ఆటకు వాడిన బిళ్ళలు రాగి నికెలు కలిసిన లోహము. మన ఇండ్లలోని జర్మన్ సిల్వర్ గిన్నెలో వెండి ఎంతయో, వానిలోను అంతే. తళతళలాడునదెల్ల వెండియని కొనెడి కొత్త సేకర్త మొట్టమొదట ఇచ్చటనే బోల్తాపడును.

ఇక అసలు కథకు వత్తును. 1992లో నెవాడా జూదశాలలలో ఒక కొత్త యంత్రము ప్రవేశించెను. డాలరులు వేసి ఆడగా, ఒకానొక గుర్తుల వరుస పడినచో, పది డాలరుల విలువ చెక్కిన బిళ్ళ ఒకటి జారిపడును. దీనిని 'సిల్వర్ స్ట్రయిక్' అందురు. చుట్టును ఇత్తడి కట్టు. నడుమ వేయింట 999 పాళ్ల మేలిమి వెండి, సుమారు ఔన్సులో ఆరు పదవవంతులు. మన పాత లెక్కలో తులమున్నర పైచిలుకు. ఒక వైపున జూదశాల పేరు, వేరొక వైపున ఏదేని ఒక బొమ్మ, ఉత్సవ చిహ్నము. ఆడినవాడు దానిని గవాక్షమునొద్ద ఇచ్చి పది డాలరులు పుచ్చుకొనవచ్చును. లేదా ముచ్చటపడి ఇంటికి గొనిపోవచ్చును.

ఆ ముచ్చటలోనే యజమాని లాభమున్నది. ఆ నాటికి ఔన్సు వెండి ధర నాలుగు డాలరుల ప్రాంతము. అనగా బిళ్ళలోని వెండి రెండున్నర డాలరుల లోపే. గెలిచినవాడు దానిని జ్ఞాపకార్థము జేబులో వేసికొన్నంతనే, ముద్ర వేయించిన ఖర్చు పోను మిగిలిన పైకము జూదశాలకు మిగులును. ఓడినవాని ధనము ఎటులను వారిదే. గెలిచినవాని ధనములోను సగమునకు పైగా వారికే దక్కించెడి యుక్తి ఇది! దీనిని మించిన వ్యాపార చమత్కారము నేను చూచి ఉండలేదు.

కాని లోహము ఎవరి మాటా వినదు. 2011 ఏప్రిల్‌లో ఔన్సు వెండి నలుబది ఎనిమిది డాలరుల దాకా పెరిగెను. పది డాలరుల బిళ్ళలో ఇరువది ఎనిమిది డాలరుల వెండి! యజమాని పన్నిన వలలో యజమానియే చిక్కుకొనునట్టి స్థితి. దాచుకొన్నవాడు నవ్వెను, పది డాలరులకు మార్చుకొని వెడలినవాడు నొచ్చుకొనెను. ఈలోగా, 2000 ప్రాంతము నుండి, యంత్రములు నాణెములకు బదులు కాగితపు చీటీలనిచ్చుట మొదలిడెను. బిళ్ళల శబ్దము క్రమముగా అడగిపోయెను. లాస్ వేగాస్‌లో డ్యూన్స్ 1993లో, శాండ్స్ 1996లో నేలమట్టమైనవి. అటువంటి భవనముల చరిత్ర నేడు బిళ్ళలపై చదువుకొనవలసినదే. ఇటువంటివి కూర్చువారికి 1988 నుండియు అమెరికాలో ఒక సంఘము కలదు.

బిళ్ళ కావలెనని యంత్రము ముందు కూర్చుండువాడు సేకర్త కాడు, జూదగాడే. ఒక్క బిళ్ళకు పది బిళ్ళల ఖరీదు పోగొట్టుకొనును. సేకర్త వర్తకునొద్ద, తూచి, ధర విచారించి కొనును. సామాన్యమైన బిళ్ళకు వెండి ధరయే ఇంచుమించు ధర. తక్కువగా కొట్టినవానికే అదనము.

ఇంత దూరపు వెండితో మనకేమి పని యని అడుగవచ్చును. పని కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున ఇండియాలో రూపాయి నాణెములకు వెండి చాలకపోగా, 1918లో అమెరికా వారు పిట్‌మన్ చట్టము చేసి, ఇరువదియేడు కోట్ల వెండి డాలరులను కరగించిరి. అందలి వెండిలో అధిక భాగము బ్రిటిషువారికి అమ్మగా, అది ఇండియాకు చేరి రూపాయిలైనది. నెవాడా గనుల వెండియు అందు కొంత కలిసియుండక తప్పదు. ఆ రూపాయిలే మన తాతల సంచులలో ఆడినవి. కరగి కడియములు, మొలత్రాళ్లు అయినవి.

అందుచే 1918, 1919, 1920 సంవత్సరముల అయిదవ జార్జి రూపాయి మీ ఇంట పెట్టె అడుగున ఉన్నచో, కంసాలికి ఈయక ఒకపరి మన గ్రంథాలయమునకు తెండు. తూకము సరిగా 11.66 గ్రాములు, అనగా ఒక తులము, ఉండవలెను; అరిగినచో కొంత తగ్గును. తెచ్చునప్పుడు చింతపండుతో మాత్రము తోమవలదు. ఆ నల్లదనము పోయినచో సేకర్తకు దానిపై మక్కువ సగము పోవును.