బస్తరు అడవిలో డాలు పురుగు



నల్లి యనగానే మనకు మంచపుకోళ్లు జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది అడవినల్లిని గూర్చి. బస్తరు గుగ్గిలపు అడవులలో గిరిజనులు ‘రైలీ’ అను దసలి పట్టుకాయలను ఏరుకొందురు. కాయ కట్టకమునుపే దసలి పురుగును పొడిచి రసము పీల్చివేయు శత్రువు ఈ డాలు పురుగు.

దీని శాస్త్రనామము ఇయోకాంథెకోనా ఫర్సెల్లేటా. 1811లో వుల్ఫ్ దీనిని వర్ణించెను. పాతగ్రంథములలో కాంథెకోనా అని యుండును. పెంటటోమిడే కుటుంబమున, వేటాడు నల్లులుండు అసోపినే అను ఉపకుటుంబములోనిది.

దేహము గోధుమవన్నె, నిడివి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మధ్య. వీపున త్రికోణపు డాలు. మీసములకు ఐదేసి కణుపులు. ఇరుభుజములందును ముండ్లు, వాని కొనలు చీలియుండును. ఫర్సెల్లేటా యనగా చిన్న పంగ కలది. అయినను నన్నడిగినచో ముందుగా తొండమును చూడుడనెదను. ఆకురసము త్రాగు నల్లి తొండము సన్నము. దీనిది లావు, ముందునకు చాచి పొడువగలదు.

ఈ పరీక్ష యెందులకనగా, మన చేలలో పొగాకు లద్దెపురుగును చంపునదియు ఇదియే! అచ్చట రైతునకు మిత్రము. కావున చేనిలో కనబడిన ప్రతి నల్లిని నలిపివేయరాదు. మద్దిచెట్లపై దసలిని పెంచుచోట మాత్రము దీనిని ఏరివేయవలసినదే. ఆకాశమంటు గుగ్గిలపు చెట్లమీద ఏరుట యెవరి తరము? ఏరినవారి చేతులకు కంపు తప్పదు.