బండి ముందు ఇరుసు

ఇరుసనగానే మీలో పెద్దలకు ఎద్దులబండి తలపునకు వచ్చును. నేడు నేను చెప్పబోవునది ధాన్యమును, రొయ్యలను మోయు చిన్న లారీల ముందు ఇరుసును గూర్చి.

ఎద్దులబండి ఇరుసు బరువును మాత్రము మోయును. బండిని త్రిప్పునవి ఎద్దులు. లారీ ముందు ఇరుసునకు రెండు పనులును గలవు. దాని రెండు కొనలయందును నిలువుగా దిగిన ఉక్కు శీలలుండును. వానిని కింగుపిన్నులందురు. తలుపు బందుపై తిరిగినట్లు చక్రము ఆ శీలచుట్టును తిరుగును. 1986లో టాటావారు తెచ్చిన 407 బండికి ఇట్టి ఇరుసే కలదు.

మన విడవలూరు ప్రాంతమున కోతల దినములలో బండి పంటకాలువ గట్టుపై నడువక తప్పదు. ముందు చక్రము గుంతలోనో, తూముగోడపైననో బలముగా పడినచో ఇరుసు వంగవచ్చును. టైరు ఒకవైపే అరుగుట, బండి ఒక ప్రక్కకు లాగుట ఇతర కారణములచేతను గలుగును గాని, దెబ్బ తగిలిన పిమ్మట కనబడినచో ఇరుసును కొలిపింపవలెను.

వంగినదని తేలినప్పుడు యజమాని క్రొత్తదాని వెల విని, కొలిమిలో కాల్చి సరిచేయుమనును. నేనును ఒకప్పుడట్లే చేయించితిని. చూపునకు తిన్నగానే వచ్చినది. రెండు నెలలకు అదే చోట మరల వంగినది. ఆనాడు బండిపై కూలివారు లేకుండుట నా యదృష్టము. సరకుబండిపై మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధమని యెరిగియు మనమెక్కించుచునే యున్నాము గదా! ఎర్రగా కాల్చి ఊరక చల్లారనిచ్చిన కొడవలికి పదును పోవుట మీరెరుగుదురు. ఇరుసును సాగగొట్టి పదును పెట్టిన ఉక్కే. మంట తగిలినచోట దాని సత్తువ తగ్గును. వంగినదానిని మార్చుటయే మార్గము.

మార్చునప్పుడు గట్టినేలపై బండిని నిలిపి, వెనుక చక్రములకు దిమ్మెలు వేసి, ముందు చక్రముల నట్లను కొంచెము వదులుచేసి, పిదప జాకీతో ఎత్తవలెను. జాకీని నమ్మి క్రింద దూరరాదు. చట్రము క్రింద బలమైన స్టాండ్లు నిలుపవలెను. చక్రములు తీసి, బ్రేకు గొట్టములు, స్టీరింగు కడ్డీలు విప్పి, కమానుకట్టలను పట్టియుండు యూబోల్టులను తీసినచో ఇరుసు దిగును.

ఇచ్చట ఒక మెలకువ కలదు. కొన్ని బండ్లకు కమానుకట్టకును ఇరుసునకును నడుమ ఒకవైపు దళసరిగను, ఒకవైపు పలుచగను ఉండు ఇనుపబిళ్ల యుండును. దాని దళసరి ఎటున్నదో విప్పునపుడే సుద్దతో గుర్తుపెట్టుకొనవలెను. కింగుపిన్ను పైకొన కొంచెము వెనుకకు వాలియుండును. మలుపు తిరిగిన చక్రము తనంతట తిన్నబడుటకు ఆ వాలు తోడ్పడును. బిళ్లను త్రిప్పి వేసినచో వాలు చెడి, బండి దారిపై నిలకడ తప్పును. క్రొత్త ఇరుసు వేసియు ఇట్లు చెడగొట్టుకొన్నవారు కలరు.

పాత యూబోల్టులు మరల వాడరాదు. ఒకసారి బిగించినవి సాగియుండును. అదిగాక రామతీర్థము వైపు ఉప్పుగాలికిని, రొయ్యల పెట్టెలనుండి కారు నీటికిని వాని మరలు తుప్పుపట్టును. క్రొత్తవాని తుదిబిగింపు బండి బరువు చక్రములపై నిలిచిన పిమ్మటనే చేయవలెను. కొంతదూరము నడచిన తరువాత మరల బిగింపవలెను. ఈ రెండవ బిగింపును చాలమంది మరతురు. బ్రేకు గొట్టములలోని గాలి తీయించి, కింగుపిన్నులకు కందెన పెట్టించి, చక్రముల పొందిక కొలిపించి, మొదట ఖాళీబండిని మెల్లగా నడిపి చూడుడు. బ్రేకు నిలిచి, స్టీరింగు తిన్నగానున్నచో ధాన్యము నెక్కింపవచ్చును.