చూపు పోయిన తరువాతి చిత్రములు



అంగవైకల్యము గల చిత్రకారుల కృతులను గూర్చి ప్రసంగించునప్పుడు మన రసజ్ఞులలో సైతము ఒక దురభ్యాసము కానవచ్చుచున్నది. పటమును చూడకమునుపే పటకర్త యవస్థకు జాలిపడి, ఆ జాలినే ప్రశంసగా మార్చి చదివించి, తమ ఋణము తీరినదని లేచిపోవుదురు. ఇది గౌరవము కాదు, పనిని చూడ నిరాకరించుట. శాంతినికేతనమునకు చెందిన చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ జీవితమును ఈ స్మారకోపన్యాసమునకు విషయముగా గైకొనుటకు కారణమిదియే.

1904లో కలకత్తా చేరువనున్న బెహాలాలో జన్మించిన ఆయనకు చిన్ననాటినుండియు ఒక కంట చూపు లేదు. రెండవ కంటికి దగ్గరి వస్తువులే గాని దూరపువి అందవు. బడిచదువు సవ్యముగా సాగలేదు. 1919లో శాంతినికేతనములోని కళాభవనమున చేరినపుడు, ఇంత మందదృష్టి గలవాడు చిత్రలేఖనమున నెట్లు రాణించునని అచ్చటి ఆచార్యుడు నందలాల్ బోసు సందేహింపగా, పిల్లవానికి శ్రద్ధ యున్నదా, కూర్చుండి పని చేయుచున్నాడా యని మాత్రమే విచారించి, వాని దారిన వానిని పోనిమ్మని రవీంద్రుడు చెప్పెనందురు. మన కళాశాలల ప్రవేశపరీక్షాధికారులు ఈ రెండు ప్రశ్నలను వ్రాసికొని పోయినను మేలే.

1946–47 సంవత్సరములలో శాంతినికేతనములోని హిందీభవనపు గోడలమీద ఆయన మధ్యయుగ భక్తుల చరిత్రను చిత్రించెను. తడి సున్నపు పూతపై రంగు వేయు పద్ధతి యది. పూత ఆరకమునుపే కుంచె పని ముగియవలెను, ఆరిన పిమ్మట దిద్దుబాటునకు చోటు లేదు. అందుచే నెంతటి నిపుణులును నిండుకొలత నమూనాను ముందుగా గీసికొని గోడమీదికి దింపికొందురు. ఈయన యట్టి నమూనా లేకయే నేరుగా గోడపై గీసెను. వెనుకకు నడిచి గోడనంతటిని ఒక్కచూపున పరికించు సౌకర్యము ఆ కంటికి లేదుగదా! అయినను రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు మొదలగువారు జనప్రవాహములో ఒకరి వెనుక నొకరు నదివలె సాగిపోవుచుందురే గాని, ఎచ్చటను అతుకు కనబడదు. సూరదాసు అంధుడని లోకప్రసిద్ధి. ఆ రూపమును దిద్దిన చేతికి పదేండ్లలో అదే గతి పట్టనున్నదని నాడెవ్వరెరుగుదురు?

శస్త్రచికిత్స ఫలింపక 1957 నాటికి ఉన్న చూపును పూర్తిగా పోయెను. ఆయన మరల కళాభవనమునకు వచ్చి కళాచరిత్రను బోధించెను. కనులతో నేర్చిన దానిని వ్రేళ్లకు నేర్పెను. రంగుకాగితములను కత్తెరతో కత్తిరించి, అంచులు తడిమి, ఒకదాని ప్రక్క నొకటి అతికి మనుష్యాకృతులు కూర్చెను. వీనిలో వెలుగునీడల సున్నితపు మెరుగులుండవు. నిబ్బరమైన ఆకృతి, దాని బరువు, ముక్కకును ముక్కకును నడుమ విడిచిన ఖాళీ యుండును. నా మట్టుకు నాకు, ఇందులో కొన్ని ఆయన తొలినాటి నీటిరంగుల ప్రకృతిచిత్రములకంటె గట్టివి. 1972లో కళాభవనపు గోడపై పింగాణీ పలకలతో పెద్ద చిత్రమును నిర్మించెను. ఆ సంవత్సరమే ఆయన పూర్వశిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయనపై ‘ది ఇన్నర్ ఐ’ యను చిన్న చలనచిత్రమును తీసెను.

రంగు పేరు చెప్పుటకును, ముక్క అందించుటకును పరులు కావలసినపుడు ఆ కృతి ఆయనదెట్లగునని కొందరడుగుదురు. హిందీభవనమున సైతము శిష్యులు తోడ్పడిరి. సున్నము కలుపువాడు, రంగు నూరువాడు లేక ఏ కుడ్యచిత్రము వెలసినది? చూపున్న చిత్రకారుని సహాయకుడు మనకు గానరాడు, చూపు లేనివాని సహాయకుడొక్కడే కంటబడుచున్నాడు.

కావున ఈ ఉపన్యాసమును ఏర్పరచిన ధర్మనిధి నిర్వాహకులకు నా విన్నపమొక్కటే: దీని వడ్డీతో వికలాంగ చిత్రకారులకు ప్రశంసాపత్రములును శాలువలును కొనవలదు. కాగితములు, మట్టి, కత్తెరలు కొనుడు. ప్రతి చిత్రకారునకు ఒక సహాయకుని నెలజీతము చెల్లింపుడు. వారి పని మన యెదుటికి వచ్చిన దినమున, అది బాగులేనిచో బాగులేదనియే చెప్పుడు.