నోట్లో గుడ్డలు కుక్కిన కోర్టు

1968 ఆగస్టులో వియత్నాం యుద్ధం వద్దంటూ చికాగో వీధుల్లోకొచ్చిన జనాన్ని పోలీసులు గొడ్డును బాదినట్టు బాదారు. తర్వాత ఎనిమిదిమంది ఉద్యమకారుల మీద అల్లర్ల కుట్ర కేసు పెట్టారు. ఆ ఎనిమిదిమందిలో నల్లవాడు ఒక్కడే, బ్లాక్ పాంథర్ నాయకుడు బాబీ సీల్. ఆయన చికాగోలో ఉన్నది రెండ్రోజులే!

తన వకీలు జబ్బుపడితే, నా కేసు నేనే వాదించుకుంటానన్నాడు సీల్. జడ్జి హాఫ్‌మన్ ఒప్పుకోలేదు. అయినా అడుగుతూనే ఉన్నాడు. 1969 అక్టోబర్ 29న నిండు కోర్టులో ఆయన్ను కుర్చీకి కట్టేయించి, నోట్లో గుడ్డలు కుక్కించాడు జడ్జి. మన ఊరి రచ్చబండ దగ్గర ఎవడు మాట్లాడాలో, ఎవడు చేతులు కట్టుకు నిలబడాలో మీకు నేను చెప్పక్కర్లేదు. కోర్టులోకి కెమెరాలు రానివ్వలేదు గానీ, చిత్రకారులు గీసిన బొమ్మలు లోకమంతా చూసింది. యుద్ధం వద్దన్నవాళ్ల మీద పెట్టిన కేసు, నల్లవాడికి ఆ దేశంలో దక్కే న్యాయం మీద కేసైపోయింది.

సీల్‌కు కోర్టు ధిక్కారమని నాలుగేళ్లు వేశాడు. 1972లో పైకోర్టు దాన్ని కొట్టేసింది, మిగతావాళ్లలో అయిదుగురికి పడ్డ శిక్షల్నీ కొట్టేసింది. అదే ఏడు బొంబాయిలో మనోళ్లు పాంథర్ పేరు తీసుకుని దళిత్ పాంథర్స్ పెట్టారు.